లెక్కల టీచర్‌తో ఐదు నిమిషాలు

బుడంకాయ టేబుల్ కిందకి దూరి, కోడుని వాటేసుకుని కూర్చుంది. ఒక కాలికి బూటు ఉంది. రెండోది ఎక్కడ దాచిందో ససేమిరా చెప్పనంటోంది.

తండ్రి ఫ్యాన్ల మెకానిక్. ఎంత మొరాయించిన మోటారునైనా పది నిమిషాల్లో తిప్పేస్తాడు. కూతుర్ని మాత్రం అంగుళం కదిలించలేకపోతున్నాడు. తల్లి ఏడింటి బస్సుకే ఉద్యోగానికి వెళ్ళిపోతుంది కాబట్టి పిల్లని బడికి పంపే పని ఆయనదే.

సోమవారం కడుపునొప్పి అంది. మంగళవారం మోకాలు అంది. బుధవారం జుట్టు నొప్పి అంది. ఆయన నమ్మి, జుట్టుకి మందు కూడా రాయబోయాడు. ఈ రోజు గురువారం. ఇక లాభం లేదని తనూ టేబుల్ కిందకి దూరి, అసలు సంగతేమిటో చెప్పమన్నాడు.

చాలాసేపు బతిమాలించుకుని చెప్పింది. బడంటే భయం లేదట. లెక్కల టీచరంటే భయమట. రోజూ అందరికంటే ముందు తననే బోర్డు దగ్గరికి పిలుస్తుందట. చాక్‌పీస్ పట్టుకోగానే వచ్చిన ఎక్కం కాస్తా ఎగిరిపోతుందట.

"అమ్మకి మాత్రం చెప్పకు నాన్నా."

"పిచ్చిదానా, నేనెందుకు చెప్తాను?" అన్నాడు. చెప్పే ధైర్యం ఆయనకీ లేదు. ఆ ఊపులో, తనే స్వయంగా వెళ్ళి టీచర్‌తో మాట్లాడతానని నోరు జారాడు.

రెండో బూటు వెంటనే ఆయన పనిముట్ల పెట్టెలోంచి బయటికొచ్చింది.

పిల్లని బడి దగ్గర దింపి షాపుకి వచ్చాక ఆయనకి చెమటలు పట్టాయి. ఒక టేబుల్ ఫ్యాన్‌ని స్టూలు మీద పెట్టి, అదే టీచర్ అనుకుని, మా అమ్మాయి కొంచెం భయస్తురాలండీ అని మొదలుపెట్టాడు. ఫ్యాను ప్రతి మాటకీ తల అడ్డంగా ఊపింది. మెడ తిరగకుండా బిగించి మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి అది రెప్ప వేయకుండా ఆయన్నే చూసింది. అది ఇంకా ఘోరంగా ఉంది.

శుక్రవారం పొద్దున ఉన్నవాటిలో మంచి చొక్కా వేసుకుని బడికి వెళ్ళాడు. అటెండరు ఆయన్ని ఒకటో తరగతి బెంచీలో కూర్చోబెట్టాడు. మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. లెక్కల టీచర్ లోపలికి రాగానే దణ్ణం పెట్టడానికి లేచాడు. బెంచీ కూడా ఆయనతోపాటే లేచింది.

"కూర్చోండి. ఐదు నిమిషాలే టైముంది," అందావిడ కళ్ళజోడు పైనుంచి చూస్తూ.

నోట్‌బుక్ తెరిచి, ఏం చేస్తుంటారని అడిగింది. చెప్పాడు. పిల్ల తల్లి ఎందుకు రాలేదంది. ఈ టైములో ఆవిడకి కుదరదన్నాడు.

"ఆవిడకి ఈ సంగతి తెలుసా?"

"తెలీదండీ. చెప్పాలంటే భయం."

"ఎవరికి, పిల్లకా?"

"ఇద్దరికీ అండీ."

టీచర్ చేతిలో పెన్ను ఆగిపోయింది. కళ్ళజోడు తీసి రుమాలుతో తుడవడం మొదలుపెట్టింది. ఎంతకీ ఆపలేదు.

ఇదే సందని ఆయన ఒక్క గుక్కలో మొత్తం చెప్పేశాడు. పిల్లకి ఎక్కాలన్నీ వచ్చట. స్నానం చేస్తూ పదిహేనో ఎక్కం పాడుతుందట. ముందే పిలవకుండా నాలుగోదాన్నో ఐదోదాన్నో చేసి పిలిస్తే చాలట. తప్పు చెప్పినప్పుడు కాస్త నవ్వితే మరీ మంచిదట.

"ఒకళ్ళకి వెసులుబాటు ఇస్తే పక్షపాతం అంటారండీ," అందావిడ.

"అననివ్వండి. చిన్నపిల్లండీ అది."

తన గొంతు అంత గట్టిగా వచ్చినందుకు ఆయనే ఉలిక్కిపడ్డాడు. గంట కొట్టారు. ఆవిడ వెళ్ళిపోయింది. ఆయన బెంచీలోంచి బయటపడటానికి అటెండరు సాయం పట్టాల్సి వచ్చింది.

సాయంత్రం బుడంకాయ ముక్కుకి సుద్దపొడితో ఎగురుకుంటూ వచ్చింది. ఈ రోజు తనని ఐదో మనిషిగా పిలిచిందట. రెండు తప్పులు చెప్తే టీచర్ నవ్విందట. క్లాసులో ఆవిడ నవ్వడం అదే మొదటిసారట. ఆనందం పట్టలేక తండ్రీ కూతుళ్ళిద్దరూ టేబుల్ కిందకి దూరి పదిహేనో ఎక్కం పాడుకున్నారు.

ఆరింటికి లెక్కల టీచర్ బస్సు దిగి వచ్చి, గుమ్మంలో చెప్పులు విడిచి, తనూ ఆ టేబుల్ కిందకే దూరి కూతుర్ని ఒళ్ళోకి లాక్కుని, "టీచర్‌తో అంత చక్కగా మాట్లాడిన మనిషికి పెళ్ళాంతో ఒక్క ముక్క చెప్పడానికి నోరు రాలేదా?" అని మొగుణ్ణి నిలదీసింది.