ఏడో గది

చెవి వెనక మినపగింజంత చిప్ వచ్చాక టిఫిన్ హోటళ్లలో ఆర్డర్లు రాసుకోవడం పోయింది. ఆ చిప్‌లో ఏడు గదులుంటాయి. ఏడు టేబుళ్ల ఆర్డర్లు మనసులో నిలుస్తాయి. సూర్రావు హోటల్లో వడ్డించే వరహాలమ్మకు మాత్రం రోజూ ఏడో టేబుల్ పెసరట్టు తప్పిపోయేది.

“ఏడో గదిలో ఏం పెట్టావమ్మా?” అని అడిగాడు సూర్రావు.

“మా పాప ఆఖరి మాటండి. వచ్చేటప్పుడు జామకాయ తెమ్మంది. నేనెళ్లేసరికి ప్రాణం పోయిందండి.”

“అది ఖాళీ చెయ్యాలమ్మా. లేకపోతే ఈ పని నీవల్ల కాదు.”

ఆమె చెవి వెనక నొక్కుకుంది. ఆ రోజు ఒక్క ఆర్డరూ తప్పలేదు.

సాయంత్రం ఇంటిదారిలో జామకాయల బండివాడు ఎప్పటిలాగే ఒక కాయ అందించాడు.

“వద్దు బాబూ,” అంది వరహాలమ్మ. “మా ఇంట్లో ఇవి ఎవరూ తినరు.”