ఎవరి న్యూరాలజీ గొప్ప

"మూడేళ్ళ న్యూరాలజీ కూడా ఒక చదువేనా? నేను చదివిన దేశంలో ఐదేళ్ళు. ఒక్కో పేషెంటు దగ్గర గంటసేపు కూర్చోబెట్టేవాళ్ళు" అన్నాడు మా ఆయన, భోజనాల దగ్గర.

"నేను చదివిన చోట గంటకి పాతికమంది. మనిషి గుమ్మం దాటి వస్తుంటేనే జబ్బేమిటో చెప్పేస్తాం" అన్నాను.

అత్తగారు కూర వడ్డించారు. ఉప్పు కషాయం. ఈమధ్య రోజూ ఇదే వరస. కోడలి మీద కసి కాకపోతే ఏమిటి?

"సరిపోయిందా డాక్టరుగారూ?" అని కొడుకుని అడిగారు. మా వాదన విని విని విసిగిపోయి, కొన్నాళ్ళుగా ఆవిడ వేస్తున్న చురక అది. ఇద్దరం నవ్వాం.

ఆవిడ నవ్వలేదు. కొడుక్కి చేతులు జోడించారు.

"మా అబ్బాయి ఇంకా రాలేదు డాక్టరుగారూ. వాడొచ్చేదాకా నన్నిక్కడే ఉండనివ్వండి."