సిబిల్ నవ్వు

“ఈ నవ్వు ఎవరి కోసమండీ, ప్రెంటిస్‌గారూ?”

ఆరీఆరని చిత్రం వైపు చేతికర్ర చూపిస్తూ అడిగాడు రోలండ్. చిత్రంలో ఉన్నది అతని భార్య సిబిల్. పెదవుల మీద పొంగివచ్చే ఆ నవ్వు తొమ్మిదేళ్ళ కాపురంలో అతనికి ఒక్కనాడూ దక్కలేదు.

“బాగా కుదిరింది కదూ?” అన్నాడు చిత్రకారుడు, కుంచె తుడుచుకుంటూ.

“కుదరదూ మరి! బోస్టన్ నుంచి వచ్చి ఓడ దిగారు, లండన్‌లో గొప్పింటి ఆడవాళ్ళంతా మీ ముందు వరసకట్టారు. ఏం కబుర్లు చెప్పి నవ్విస్తారో ఏమో!”

ప్రెంటిస్ పకపకా నవ్వాడు. “నేనా? కుంచె పట్టుకుంటే నాకు నోరు పెగలదండీ. ఊరికే కూర్చోబెడితే ఎంత అందమైన మొహమైనా చెక్కముక్కలా బిగుసుకుపోతుంది. అందుకే నా వెనకాల ఎవరో ఒకరు కూర్చుని ఆవిడతో మాట్లాడుతుండాలి. మొదట్లోనే మిమ్మల్ని రమ్మన్నాను, మర్చిపోయారా?”

“నాకు తీరికేదీ?”

“అవునవును. అందుకేగా మీ తమ్ముణ్ణి పంపారు! రోజూ వచ్చాడు, పాపం.”

రోలండ్ చేతికర్ర కిందికి దించాడు. ‘ఆ అమెరికావాడి మీద ఓ కన్నేసి ఉంచరా’ అంటూ హ్యూని బతిమాలి పంపింది తనే.

మళ్ళీ చిత్రం వైపు చూశాడు. సిబిల్ చూపు చిత్రకారుడి మీద లేదు. అతని భుజం మీదుగా వెనక్కి పోతోంది.

కింద వీధిలో బండి ఆగింది.

“అన్నయ్యా, వదినని తీసుకొచ్చాను!” అని కేకేశాడు హ్యూ.

ఆ వెనకే, బొమ్మలోని నవ్వు వినిపించింది.