స్టూలు మీద మంచినీళ్ళు

మొగుడి ఖాకీ చొక్కాని మీనాకుమారి బండకేసి బాదుతోంది. గ్రీజు మరక వదలడం లేదు. ఆవిడ కోపమూ వదలడం లేదు.

"ఇంకోసారి సెప్పవే. ల్యాబులోంచి ఎల్లగొట్టిందా?"

"అవునమ్మా. నిన్న కూడా," అంది శ్రావణి గుమ్మంలో నిలబడి.

డిగ్రీలో కెమిస్ట్రీ చదువుతోంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏడ్చి కాదు, ఆ కళ్ళలో తడి నిలవదు. పైన ఫ్యాను తిరిగితే చాలు, ఇసక పోసినట్టు మంట.

"కళ్ళద్దాలు ఎట్టుకోనేదా? గోల్‌బజారంతా తిరిగి కొన్నాను కదే!"

"పెట్టుకున్నాను. పక్కల్నించి గాలి కొడుతోంది. మంటెక్కి, తీసి నులుముకున్నాను. రాధాదీదీ చూసేసింది. ఈ అద్దాలతో మళ్ళీ గుమ్మం తొక్కకు అని అందరి ముందూ అరిచింది."

"ఎవుతది?"

"ల్యాబ్ అటెండెంటు. రేపు కూడా ప్రాక్టికల్ పోతే పరీక్షకి కూర్చోనివ్వరమ్మా."

"అటెండెంటుకి అంత పొగరేటే? ప్రిన్సిపాలనుకుంటోందేటి?"

చొక్కా మళ్ళీ ఫెడేలుమంది.

గేటు చప్పుడైంది. ఈ బెంగాలీ ఊళ్ళో, రైల్వేవాళ్ళ ట్రాఫిక్ కాలనీకి వచ్చి ఎవరినడిగినా ఇల్లు చూపిస్తారు.

"అమ్మా, ఆవిడే," అంది శ్రావణి గొంతు తగ్గించి.

యాభై దాటిన మనిషి. నేత చీర, చేతిలో అట్టపెట్టె, కళ్ళకి నల్లద్దాలు. దండెం మీది దుప్పటి ఎడమ భుజానికి తగిలి జారి కిందపడింది. ఆవిడ వెనక్కి తిరిగి చూడను కూడా లేదు.

"ఉతికిన గుడ్డ మట్టిలో పడేసి సూడనైనా సూడదు. కళ్ళు నెత్తికెక్కినాయి," అంది మీనాకుమారి, తెలుగులోనే. కాలేజీలో ఆ మనిషి నోట బెంగాలీ తప్ప మరో మాట వినలేదని శ్రావణి ఎప్పుడో చెప్పింది.

పైకి మాత్రం, "ఆయియే దీదీ, బైఠియే," అని హిందీలో కూర్చోమంది.

ఎంత కోపమున్నా గడప తొక్కిన మనిషికి ముందు మంచినీళ్ళివ్వాలి. తోమిన స్టీలు గ్లాసు నిండా నీళ్ళు ముంచి తెచ్చి, ఎదురుగా స్టూలు మీద టక్కున పెట్టింది.

రాధాదీదీ చెయ్యి చాచింది. చెయ్యి గ్లాసుకి ఇవతలే ఆగిపోయింది. వేళ్ళు ఉత్త గాలిని పట్టుకుని, మళ్ళీ ఒళ్ళోకి వచ్చేశాయి.

మీనాకుమారికి ఒళ్ళు మండిపోయింది.

"సూసినావా? మనింటి నీళ్ళు ముట్టదంట. మన గ్లాసు తాకితే మైలపడిపోద్ది కాబోలు!"

"అమ్మా, ఊరుకో."

"నానెందుకు ఊరుకోవాలే? ఇంట్లో కూడా ఆ నల్లద్దాలేటి? ఈ వయసులో హీరోయిన్ననుకుంటోందా?"

రాధాదీదీ ముఖంలో ఏమీ కదల్లేదు. అట్టపెట్టె శ్రావణి వైపు చాపింది.

"ఇది పెట్టుకో," అంది బెంగాలీలో. "చుట్టూ రబ్బరుంది. ఫ్యాను గాలి కంటికి కొట్టదు, కన్ను ఆరిపోదు. ముందే మందు వేసుకుని పెట్టుకో. మంటెక్కినా సరే, ల్యాబు బయటికి వచ్చేదాకా తీయకు. తీయనని మాటివ్వు."

"తీయను దీదీ."

ఆవిడ లేచింది. కాలితో తడిమి చెప్పులు వెతుక్కుంది. ఆఖరి మెట్టు దిగుతుంటే, మీనాకుమారి ఆ గ్లాసు తీసి నీళ్ళన్నీ మెట్ల మీద దిమ్మరించింది. ఆవిడ చీర అంచు తడిసింది.

ఒక్క క్షణం ఆగింది. వెనక్కి తిరగలేదు. దండెం దగ్గర వంగి, కింద పడ్డ దుప్పటిని చేత్తో తడుముకుని తీసి, దులిపి, దండెం మీద వేసి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం వర్క్‌షాపు సైరన్ మోగాక గంగాధరరావు అన్నానికి వచ్చాడు. కూతురి చేతిలో కొత్త అద్దాలు చూశాడు.

"ఎవులిచ్చినారు?"

"ల్యాబు మహారాణి," అంది మీనాకుమారి. "గ్లాసెడు మంచినీళ్ళు ముట్టనేదు గానీ, ఇచ్చి ఎల్లింది."

"నల్లద్దాలావిడా? రాధారాణా?" చెప్పులు విప్పుతున్నవాడు ఆగిపోయాడు. "నీళ్ళు సేతిలో ఎట్టినావా?"

"స్టూలు మీద ఎట్టినాను. ఏటి, సేతిలో ఎడితే గానీ తాగదా?"

"అందుకోవడం ఆవిడ వల్ల కాదే. ఆవిడికి ఎడమ కన్ను నేదు. వయసులో ఉండగా ఏదో ల్యాబులో పనిసేసేది. కళ్ళు మండుతున్నాయని అద్దాలు తీసి నులుముకుంది. అప్పుడే యాసిడ్ సిందింది. ఇప్పుడు రెండోదీ మసకే. గ్లాసు దగ్గరుందో దూరముందో ఆనదు. ఆళ్ళయ్య బతికున్నన్నాళ్ళూ సెయ్యట్టుకుని గ్లాసు అందులో ఎట్టేవోడు."

శ్రావణి అద్దాల రబ్బరు అంచుని వేలితో నిమురుతూ తల వంచుకుంది.

"నాకు సెప్పినారా ఎప్పుడైనా?" మొగుడి మీద విరుచుకుపడింది మీనాకుమారి. "సెప్పకపోతే నాకేటి తెలుస్తాది? అందరూ నన్నే అనండి!"

గంగాధరరావు చెప్పులు విప్పి లోపలికొచ్చాడు. ఆవిడే మళ్ళీ అంది, ఈసారి మెల్లగా.

"పోన్లే. నానన్న మాటలైతే ఆవిడికి తెలీవు. బెంగాలీ మనిషి."

"బెంగాలీయేటే? తాల్‌బగీచా పేట తవిటయ్య కూతురు. వర్క్‌షాపులో నాకు పని నేర్పినోడి కూతురు. ఇంట్లో ఆళ్ళది మన సికాకోలు తెలుగే."

మీనాకుమారి దండెం మీది దుప్పటి వైపు చూసింది. కొంగుతో ముఖం తుడుచుకుని, చెప్పులైనా వేసుకోకుండా, ఇంకా ఆరని ఆ మెట్లు దిగి తాల్‌బగీచా వైపు వెళ్ళిపోయింది.