నీళ్ళ గీత

ఏటి ఒడ్డు కాలనీలో ప్రతి ఇంటి గోడ మీదా మోకాలెత్తున ఒక నల్లగీత ఉంటుంది. ఎప్పుడో వరద వచ్చి ఆగిన చోటు అది. కొత్తగా ఇల్లు కొన్న లెక్కల మాస్టారికి ఆ గీతను చూస్తేనే ఒళ్ళు మండేది. ఇల్లు అంటగట్టిన బావమరిది దాని ఊసే ఎత్తలేదు మరి. మాస్టారు సున్నం కొట్టి చెరపడం మొదలుపెట్టాడు.

"చెరపకు నాయనా," అంది పక్కింటి మామ్మగారు. "ఎక్కడ ఆగాలో నీళ్ళకి తెలియొద్దూ?"

"నీళ్ళకి లెక్కలొచ్చా మామ్మగారూ? నోరు మూసుకుని లోపలికెళ్ళండి!"

మర్నాడు గోడ మీద తడిగీత కనిపించింది, నడుమెత్తున. తిట్టుకుంటూ మళ్ళీ సున్నం కొట్టాడు. ఈసారి గుండెలెత్తున పడింది. ఎవడో ఆకతాయి పనేనని పళ్ళు నూరుతూ, ఆ రాత్రి కర్ర పట్టుకుని మెట్ల మీద కాపు కాశాడు.

ఉన్నట్టుండి కప్పల బెకబెకలు ఆగిపోయాయి. ఏటి చప్పుడు కూడా ఆగింది. ఎవరూ రాలేదు. గోడ మీద కొత్త గీతా పడలేదు.

"జడిశారు, దొంగ వెధవలు!" అనుకుంటూ లోపలికి వెళ్ళి పడగ్గదిలో లైటు వేశాడు.

తలెత్తి చూడాల్సినంత ఎత్తున, నాలుగు గోడలనూ చుట్టేసి, తడిగీత. ఇంకా కారుతోంది.

కోపంతో ఊగిపోయాడు. "లేవే! మీ తమ్ముడు చేసిన నిర్వాకం చూడు! వాణ్ణి నరికి పోగులు పెడతాను!" అంటూ భార్యను కుదిపాడు.

ఆమె కళ్ళు తెరవలేదు. గదిలో ఫ్యాను తిరగడం లేదు, కిటికీలు మూసే ఉన్నాయి. అయినా దిండు మీది ఆమె జడ మెల్లగా పైకి లేచి, ఏటి అడుగున నాచులా అటూ ఇటూ ఊగసాగింది.