రెండో వరుస

వంటింటి అరమీద, కాఫీ ఫిల్టరు పక్కన రక్తం పెట్టె ఉంటుంది. అది లేని ఇల్లు ఇప్పుడు లేదు. పొద్దున్నే పరగడుపున వేలు పొడిచి చుక్క వేస్తే, మన చెవికి అందని మోతతో రక్తకణాలను సన్నటి గొట్టంలో వరుసలుగా నెట్టి, ఒంట్లో ఏముందో చెబుతుంది.

ఇవాళ కొత్త పెట్టె పెట్టారు. భ్రమరాంబ చుక్క వేయగానే అది, "ఇద్దరి రక్తం ఉంది. ఒక్కరే వేయండి" అంది.

"నా సూదితోనే పొడుచుకున్నావా ఏంది?" అన్నాడు భర్త అంకినీడు.

"లేదండీ. వేలికి పసుపు అద్దుకున్నా, అదేమో."

కడుక్కుని ఇంకో వేలు పొడుచుకుంది. మళ్లీ ఇద్దరే. అంకినీడు వేస్తే మాత్రం ఒక్కడే. ఏమీ పాలుపోక వార్డు నర్సుకి ఫోను చేసి స్పీకర్లో పెట్టారు.

"పాతదానికి దొరకనివి కూడా ఇది పట్టేస్తుందమ్మా. కడుపులో ఉన్నప్పుడు బిడ్డ కణాలు కొన్ని తల్లి ఒంట్లో ఉండిపోతాయి. పెట్టె నాకు పంపిన లెక్కలో రెండో వరుస కణాలు మగబిడ్డవి, అంటే మీ అబ్బాయివే."

"మాకు పిల్లల్లేరమ్మా" అన్నాడు అంకినీడు.

పెళ్లయిన కొత్తలో, ఆరో నెలలో కడుపులోనే పోయిన బిడ్డ ఆడో మగో కూడా భ్రమరాంబకు ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఆ మాటే ఎత్తలేదు.

ఇంతలో పెట్టె మీద పచ్చదీపం వెలిగింది. "జబ్బు జాడ లేదు."

అంకినీడు పెట్టె వంకా భార్య వంకా మార్చి మార్చి చూశాడు. చేతిలో కాఫీ చల్లారిపోయింది.

"ఇద్దరికీనా?" అన్నాడు. "సరిగ్గా కనుక్కో."