ముగింపు గుర్తు

"గంతే చెల్లె. అయిపోయింది," అన్నాడు మధుకర్.

"కాలే అన్నా. ఇంకా ఉంటది."

కంఠేశ్వర్‌లోని మధుకర్ కంప్యూటర్ దుకాణానికి త్రివేణి బోధన్ నుంచి ఆటోలో వచ్చింది. తలకు స్కార్ఫ్, చెవుల్లో దూది. పచ్చి బాలింత. ఆమె తెచ్చిన పెన్‌డ్రైవ్‌లో ఉన్నది, కడుపులో ఉన్నప్పుడు క్లినిక్‌లో రికార్డు చేసిన బిడ్డ గుండె చప్పుడు. నాలుగుసార్లు కొట్టుకుని ఆగిపోతోంది.

"నేను పండుకొని విన్న. మస్తుసేపు కొట్టుకున్నది."

"క్లినిక్‌ల మల్ల అడుగరాదు?"

"మిషిన్ మార్చిండ్రంట. పాతయన్ని తీసేసిండ్రు. ఇగ గిదొక్కటే."

"పాపనా, బాబా?"

"పాప."

మధుకర్ నవ్వాడు. "ఇగ ఏడ్చి ఏడ్చి ఇల్లు లేపుతది. గీ చప్పుడుతోని ఏం పని?"

త్రివేణి బయటికి చూసింది. ఆటో పక్కన ఆమె భర్త నితీష్ అటు తిరిగి నిలబడి ఉన్నాడు.

మధుకర్ ఫైలు సైజు చూశాడు. నాలుగు చప్పుళ్లకు అంత ఉండదు. కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"ఆగు చెల్లె. ఫైలు మంచిగనే ఉన్నది. క్లినిక్‌ల లినక్స్ కంప్యూటర్, నాది విండోస్. నా సాఫ్ట్‌వేర్ దీన్ని రాత అనుకొని చదువుతున్నది. రాతల ఒక గుర్తు వస్తే, ఇగ ముగిసిందని ఆగిపోతది. గుండె చప్పుడు నడుమ అసొంటి గుర్తే తగిలింది."

"అంటే... అది ఆగలేదా?"

"అది ఆగలే. మనమే ఆగినం."

టెక్స్ట్ అని ఉన్నచోట బైనరీ అని మార్చి, మళ్లీ నొక్కాడు.

ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆగలేదు. గుర్రపు పిల్ల పరుగు తీసినట్టు చప్పుడు దుకాణమంతా నిండింది. త్రివేణి రెండు చెవుల్లోని దూది తీసి గుప్పిట్లో పెట్టుకుంది. నితీష్ గడప దాకా వచ్చి, చెప్పులు విడిచి, అక్కడే నిలబడిపోయాడు.

చప్పుడు అయిపోయింది. మధుకర్ పెన్‌డ్రైవ్ తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"దూది పెట్టుకో చెల్లె, గాలి తగుల్తది. ఇంటికి పోయి పాపకు గూడ వినిపియ్యి."

త్రివేణి పెన్‌డ్రైవ్‌ను కొంగు చివర ముడివేసుకుంది.

"పుట్టినంక అది ఏడ్వనే లేదన్నా. దాని గొంతు గిదొక్కటే."